పేలే చిప్పు, మీట ఎవరి చేతిలో?

సిలికాన్ అంటే మనందరికీ అన్నం పెడుతున్న మూలకం. ఈసీఈ చదివినవాళ్ళకి ఇంకొంచెం చనువు ఎక్కువ. నాలుగు వాలెన్స్ ఎలక్ట్రాన్లు, డోపింగ్, పీఎన్ జంక్షన్, పరీక్షకి ముందురోజు రాత్రి మాస్‌ఫెట్... నేను చదివింది ఈసీఈ, చేసేది జావా (మా బ్యాచ్‌లో ముప్పాతిక మంది కథ ఇదే). అయినా సిలికాన్ మీద ఒక అభిప్రాయం మాత్రం మిగిలిపోయింది. ఇంత బుద్ధిమంతుడైన పదార్థం ఇంకోటి ఉండదు. గాలికి చెడదు, నీటికి కరగదు, చెప్పిన మాట వింటుంది. ఇసకలోంచి పుట్టింది కదా, ఇసకంత చల్లగానే ఉంటుంది.

అలాంటిది టపాకాయలా పేలుతుందంటే నమ్ముతారా?

పేలుతుంది. ఇరవై ఏళ్ళ పైనుంచే పేలుస్తున్నారు. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియాగో క్యాంపస్‌లో మైకేల్ సెయిలర్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ ల్యాబ్ ఉంది. అక్కడ ఫ్రెడెరిక్ మికులెక్ అనే పరిశోధకుడు గడోలినియం నైట్రేట్ పట్టించిన ఒక సిలికాన్ ముక్కని కోద్దామని వజ్రపు మొన ఉన్న పనిముట్టుతో గీశాడు. అది కాస్తా ఢామ్మంది. ముక్క చిన్నది కాబట్టి సరిపోయింది. ఇంకొకరైతే సింకు తుడిచేసి ఇంటికి పోయేవారేమో గానీ వీళ్ళు మాత్రం ఎందుకు పేలిందో ఆరా తీశారు, గీకకుండా చిన్న కరెంటు సిగ్నల్‌తో పేల్చడం కూడా నేర్చుకున్నారు. 2002 జనవరిలో పేపరు వేశారు.

నిజానికి ఇది మొదటిసారి కూడా కాదు. 1992లోనే కొందరు అమెరికన్ రసాయన శాస్త్రవేత్తలు ఇలాంటి సిలికాన్ మీద నైట్రిక్ యాసిడ్ పడితే గట్టిగా చర్య జరుగుతుందని గమనించారు. 2001లో మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో దిమిత్రి కొవలేవ్ బృందం దీన్ని గడ్డకట్టేంత చలిలో ఆక్సిజన్‌తో కలిపి చూసింది. అక్కడా పేలింది. కానీ గది ఉష్ణోగ్రత దగ్గర, చిప్పు మీద, స్విచ్చి నొక్కితే పేలడం అనేది శాన్ డియాగో వాళ్ళతోనే మొదలైందనుకోవచ్చు.

ఇంతకీ మన ఫోన్లో ఉన్న సిలికాన్ ఎందుకు పేలదు? ఇది ఎందుకు పేలుతుంది?

ఇందులో పెద్ద మర్మం ఏమీ లేదు, దీపావళి సామాన్లలో ఉన్నదే. పాతకాలపు తుపాకి మందులో మూడు సరుకులుంటాయి: సురేకారం, బొగ్గు, గంధకం. బొగ్గూ గంధకమూ కాలేవి. సురేకారం వాటికి ఆక్సిజన్ అందించేది. గాలిలోంచి ఆక్సిజన్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, పక్కనే కూచుని ఉంటుంది. ఎంత మెత్తగా నూరి, ఎంత బాగా కలిపితే అంత జోరుగా కాలుతుంది. సురేకారం అంటే పొటాషియం నైట్రేట్. మికులెక్ వాడింది గడోలినియం నైట్రేట్. అంటే సురేకారానికి చుట్టమే. ఇక బొగ్గు పాత్ర ఎవరిదంటారా? సిలికాన్‌ది.

సిలికాన్ కాలుతుందా అని అడగొద్దు. శుభ్రంగా కాలుతుంది. గ్రాము సిలికాన్ పూర్తిగా ఆక్సిజన్‌తో కలిస్తే దాదాపు 32 కిలోజౌళ్ళ వేడి వస్తుంది, ఇది బొగ్గుకి ఇంచుమించు సమానం. కలిసే ఆక్సిజన్ బరువు కూడా లెక్కేసుకున్నా గ్రాముకి 15 దాకా తేలుతుంది. టీఎన్‌టీ గ్రాముకి ఇచ్చేది 4 చిల్లర. ఇవన్నీ కాగితం మీద లెక్కలే, పేలుడు వేగం వేరే సంగతి. కానీ సరుకు అయితే ఉంది. మరి ఎందుకు కాలదంటే, మామూలు సిలికాన్‌కి గాలి తగలగానే పైన ఒకటి రెండు నానోమీటర్ల ఆక్సైడ్ పొర కట్టేస్తుంది. ఆ పొర లోపలి సిలికాన్‌ని ఇక కదలనివ్వదు. తుమ్మమొద్దుకి అగ్గిపుల్ల పెడితే అంటుకోదు, అదే మొద్దు రంపప్పొట్టు అయితే భగ్గుమంటుంది. సిలికాన్‌ని రంపప్పొట్టు చెయ్యాలి. అదీ కిటుకు.

దానికి దారి 1956లోనే దొరికింది. బెల్ ల్యాబ్స్‌లో ఆర్థర్ ఉల్హిర్, ఇంగెబోర్గ్ ఉల్హిర్ దంపతులు సిలికాన్ ముక్కల్ని హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌లో పెట్టి కరెంటు పంపి నున్నగా పాలిష్ చేద్దామనుకున్నారు. నున్నగా రాలేదు సరికదా, పైన రంగు మారిన పొర కట్టింది. ఆ పొరంతా చిల్లులు. కంటికి కనపడని, నానోమీటర్లలో కొలిచే చిల్లులు, ఇడియప్పంలా స్పాంజిలా. దీన్నే పోరస్ సిలికాన్ అంటారు. చాలాకాలం దాని మొహం చూసినవాళ్ళు తక్కువ. 1990లో ఇంగ్లండులో లీ కానమ్ అనే ఆయన దీని మీద లేజర్ కాంతి వేస్తే ఎర్రగా వెలుగుతుందని చూపించాక అందరూ ఎగబడ్డారు.

ఈ చిల్లుల సిలికాన్‌లో గ్రాముకి వందల చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. మన హైదరాబాద్ భాషలో చెప్పాలంటే, గ్రాముకి 500 చదరపు మీటర్లు వేసుకుంటే 1200 ఎస్‌ఎఫ్‌టీ డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్లు నాలుగున్నర. చిటికెడు పొడిలో! (గచ్చిబౌలి బిల్డర్లకి ఈ టెక్నాలజీ తెలియకపోవడమే మన అదృష్టం.) పైగా ఆ గోడలన్నిటి మీదా ఆక్సైడ్ బదులు హైడ్రోజన్ అతుక్కుని ఉంటుంది, అంటే తలుపుకి తాళం లేదన్నమాట. ఆ చిల్లుల్లోకి ఆక్సిజన్ దండిగా ఉన్న ఉప్పు చేరితే, రోట్లో నూరడం కన్నా కోటిరెట్లు మెత్తగా నూరినట్టే. కాలేదానికీ కాల్చేదానికీ మధ్య దూరం కొన్ని నానోమీటర్లు. ఇక చిన్న గీత చాలు.

2011లో అమెరికా సైన్యం పరిశోధనశాల వాళ్ళూ తోటివాళ్ళూ కలిసి వేసిన ఒక పేపర్లో ఈ మంట పాకే వేగం సెకనుకి 3050 మీటర్ల దాకా వెళ్ళిందని రాశారు. గాలిలో శబ్దవేగానికి తొమ్మిది రెట్లు!

సరే, పేలింది. దీంతో ఏం చేస్తాం?

మొదటి ఉపయోగం నాకు బాగా నచ్చినది. మతాబుల్లో స్ట్రాన్షియం ఉంటే ఎర్రగా, బేరియం ఉంటే పచ్చగా, సోడియం ఉంటే పసుపుగా వెలుగుతాయి కదా. ఏ మూలకం ఏ రంగో తెలిస్తే, రంగు చూసి మూలకం చెప్పొచ్చు. పెద్ద ల్యాబుల్లో దీనికి వాడే యంత్రాలు గదిలో సగం ఆక్రమిస్తాయి, గ్యాస్ సిలిండర్లు కావాలి. అదే పని అరచేతిలో పట్టే పెట్టెలో, చిప్పు మీద జరిగే చిటుక్కుమనే పేలుడుతో చెయ్యొచ్చన్నది శాన్ డియాగో వాళ్ళ ఆలోచన. వాళ్ళ పేపరు పేరులో కూడా ఉన్నది ఇదే, బాంబులు కాదు. ఏ చెరువు గట్టు మీదో నిలబడి నీళ్ళ బొట్టులో ఏ లోహం ఉందో చెప్పగలిగితే అంతకన్నా ఏం కావాలి?

రెండోది బుల్లి యంత్రాలు. మిల్లీమీటర్ల సైజు యంత్రాలకి పెద్ద చిక్కు బలం. మోటారుని చిన్నది చేస్తూ పోతే రాపిడే దాన్ని మింగేస్తుంది, బ్యాటరీని చిన్నది చేస్తే ఒక్కసారిగా కావలసినంత కరెంటు ఇవ్వలేదు. పెట్రోలు ఇంజన్ని గోరంత చేద్దామంటే, మంట పుట్టీ పుట్టగానే గోడలు వేడంతా లాగేసి ఆర్పేస్తాయి. చిల్లుల సిలికాన్‌లో మంట ఆ గోడలకి దొరకనంత వేగంగా పాకుతుంది. పైగా చిప్పు తయారయ్యేదీ అదే సిలికాన్‌తో కాబట్టి, బుర్రా కాళ్ళూ ఒకే పలక మీద కొయ్యొచ్చు. 2012లో మేరీల్యాండ్ యూనివర్సిటీ, అమెరికా సైన్యం పరిశోధనశాల కలిసి కొన్ని మిల్లీమీటర్ల సైజు రోబోని ఇలా ఎగిరించారు. వెలుగు పడగానే దాని కింది సిలికాన్ పేలింది, అది 8 సెంటీమీటర్ల ఎత్తుకి గెంతింది. మిడతకి ఇది లెక్కలోది కాదు గానీ, యంత్రానికి గొప్పే. అరచేతిలో పట్టే ఉపగ్రహాల్ని అటూ ఇటూ కొంచెం జరపడానికీ ఇలాంటి చిన్న చిన్న తోపులే కావాలి.

మూడోదే అసలు గొడవ. తనని తాను పేల్చుకునే చిప్పు.

2002లో ఈ వార్త వచ్చినప్పుడు పత్రికలు పట్టుకున్నదీ దీన్నే. కారణం ఉంది. దానికి ముందటి ఏడాదే, 2001 ఏప్రిల్ 1న అమెరికా నేవీ గూఢచారి విమానం ఒకటి చైనా ఫైటర్‌ని గుద్దుకుని హైనాన్ దీవిలో దిగాల్సి వచ్చింది. లోపల 24 మంది, చుట్టూ రహస్య పరికరాలు, చేతిలో కొద్ది నిమిషాలు. గొడ్డలితో కొట్టారు, వేడి కాఫీ పోశారు. అయినా అన్నీ నాశనం చెయ్యలేకపోయారు. అదే ఒక మీట నొక్కితే చిప్పులన్నీ టపటపా పేలిపోయుంటే? అక్కణ్ణించి ఊహ ఇంకో అడుగు వేసింది: దొంగిలించిన సెల్‌ఫోనుకి నెట్‌వర్కు ఒక సిగ్నల్ పంపితే చిప్పు తుక్కైపోతే ఎలా ఉంటుంది?

సైన్యం ఈ ఆలోచనని వదల్లేదు. అవసరం తీరగానే మాయమయ్యే ఎలక్ట్రానిక్స్ కోసం 2013లో డార్పా ఒక ప్రోగ్రామ్ మొదలెట్టింది. 2015లో జిరాక్స్ పార్క్ వాళ్ళు లోపల ఒత్తిడి నింపిన గాజు మీద చిప్పు కట్టి, లేజర్ వెలుగు పడగానే అది ముక్కముక్కలైపోవడం చూపించారు. ఇందులో మందుగుండు లేదు, గాజు తనలోని బిగువుకే పగిలిపోతుంది. ఉద్దేశం మాత్రం అదే. విమానంలో రహస్య చిప్పుకి ఇది అవసరమే, కాదనను. అక్కడ రహస్యం మెమరీలోని డేటా ఒక్కటే కాదు, చిప్పు ఎలా కట్టారన్నది కూడా.

నా పేచీ అల్లా రెండో ఊహతోనే. సెల్‌ఫోన్, లాప్‌టాప్, మన జేబులో, మన ఒళ్ళో ఉండేవి.

మొదట చిల్లరగా తేలిపోయే విషయం చెప్తాను. అవసరం లేదు. ఇప్పటి ఫోన్లలో డేటా అంతా తాళం వేసి ఉంటుంది, అంటే ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటుంది. తాళంచెవి 256 బిట్లు. ఆ 256 బిట్లు చెరిపేస్తే మిగతా గిగాబైట్లన్నీ చెత్తే. ఇల్లు తగలబెట్టక్కర్లేదు, చెవి నూతిలో పడేస్తే చాలు. దొంగకి మిగిలేది ఫోను శరీరం. దానికోసం బాంబు పెట్టుకోవడం ఎలకకోసం ఇల్లు కాల్చుకున్నట్టే కదా.

ఇక రెండోది, మీట సంగతి. నేను పనిచేసేది గోడౌన్లలో వాడే స్కానర్లని దూరం నుంచి చూసుకునే సాఫ్ట్‌వేర్ మీద. పోయిన పరికరానికి లాక్ కమాండ్ పంపడం మా టీమ్ పనుల్లో ఒకటి. కాబట్టి ఈ "సిగ్నల్ పంపితే చాలు" అనే మాట విన్నప్పుడల్లా నాకు నవ్వూ భయమూ ఒకేసారి వస్తాయి. సిగ్నల్ పంపడం అంటే ఏమిటో చూడండి. పరికరం ఆఫ్‌లో ఉంటే మెసేజీ క్యూలో కూచుంటుంది. పోయిందన్న స్కానర్ రెండు వారాల తర్వాత ఏ అట్టపెట్టె వెనకో దొరుకుతుంది. దొరికినవాడు ఆనందంగా ఛార్జింగ్ పెట్టి ఆన్ చేస్తాడు. అప్పుడు ఆ పాత కమాండ్ తీరిగ్గా వచ్చి పడుతుంది. అందిందన్న జవాబు దారిలో తప్పిపోతే సర్వరు అదే కమాండ్ మళ్ళీ పంపుతుంది. రిపేరులో బోర్డు మారిస్తే సీరియల్ నంబరు ఒకరిది, మనిషి ఇంకొకరు. ఇవి ఏ ఒక్కరి తప్పులో కాదు, నెట్‌వర్కు మీద నడిచే ఏ వ్యవస్థకైనా ఉండే జబ్బులు. మేం బతికిపోతున్నది ఎందుకంటే లాక్‌ని అన్‌లాక్ చెయ్యొచ్చు. పేలినదాన్ని అన్‌పేల్చలేం :)

మా పెదనాన్నగారి అబ్బాయి ఒకడు విజయవాడలో ఆటో తోలుతాడు, బుకింగులన్నీ ఫోన్లోనే. ఆ ఫోను వాయిదాల మీద కొన్నదే. ఒక నెల ఖాతాలో డబ్బుండగానే ఆటో-డెబిట్ ఫెయిలైంది. మర్నాడు పొద్దున్నే ఫోను తెరిస్తే వాయిదా కట్టమని ఒకే స్క్రీను, ఇంకేదీ కదలదు. వదిన ఫోన్లోంచి నాకు ఫోన్ చేశాడు. "తమ్ముడూ, నువ్వు చేసే ఉద్యోగం ఇదే కదరా, దీన్ని కాస్త తియ్యరా" అన్నాడు. "అన్నయ్యా, అది నా చేతిలో ఉండదురా, వాళ్ళ సర్వర్లోంచి రావాలి" అన్నాను. "మరి ఫోను నాదా, వాళ్ళదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అప్పుడు పాపకి జ్వరం, హాస్పిటల్‌కి తీసుకెళ్ళడానికి ఆటో ఉంది గానీ, రోజు గడవడానికి బేరాలు లేవు. బ్యాంకు స్టేట్‌మెంటు పంపి, కస్టమర్ కేర్‌కి అటూ ఇటూ తిరిగితే మూడో రోజు తెరుచుకుంది. ఎవరూ క్షమించమనలేదు. ఇదివరకటిలాగే ఫోను, ఇదివరకటిలాగే ఆటో.

మూడు రోజుల సంపాదన పోయింది, కానీ ఫోను మిగిలింది. అదే లాక్ బదులు చిప్పు పేలే పద్ధతైతే? ఆ పరికరం దొంగ చేతిలోనే ఉందని సర్వరుకి ఎవరు చెప్పాలి? చెప్పేది ఒక డేటాబేస్‌లో ఒక గడి. ఆ గడిలో ఏముండాలో నిర్ణయించేది ఎప్పుడూ ఫోను పట్టుకున్నవాడు కాదు.

మీరు "ఇదంతా ఊహే కదా, జేబులో పేలే వస్తువు ఎవడు పెడతాడు?" అనొచ్చు. 2024 సెప్టెంబర్ 17న లెబనాన్‌లో ఒకేసారి వేల పేజర్లు పేలాయి, మర్నాడు వాకీటాకీలు. వాటిలో వాడింది సిలికాన్ కాదు, బ్యాటరీలో మందుగుండు దాచారని వార్తలొచ్చాయి. దూరం నుంచి వచ్చిన సిగ్నల్‌కి పేలాయి. గురి పెట్టింది హిజ్బుల్లా వాళ్ళ మీదే కావచ్చు, కానీ ఆ క్షణంలో పేజరు ఎవరి చేతిలో ఉందో సిగ్నల్‌కి తెలియదు. చనిపోయినవాళ్ళలో పిల్లలూ ఉన్నారు. ఆ రోజు తర్వాత ఇది ఊహ అనడం కుదరదు.

మూడోది వాతావరణం. మందుగుండుకి చెమ్మ పడదని సీమటపాకాయలు ఎండబెట్టుకునే మనకి ఒకరు చెప్పాలా? చిల్లుల సిలికాన్‌లో వాడే ఉప్పుల్లో కొన్ని గాల్లో తడిని పీల్చేస్తాయి. సిలికాన్ గోడల మీది హైడ్రోజన్ కూడా కాలం గడిచేకొద్దీ ఆక్సైడ్‌గా మారిపోతుంది. అంటే ఐదేళ్ళ తర్వాత పేలాల్సినప్పుడు పేలకపోవచ్చు. ఇక పేలకూడనప్పుడు పేలితే? ఇది మొదట కనుక్కున్నదే గీత గీస్తే పేలడం వల్ల కదా! టకాటా ఎయిర్‌బ్యాగుల కథ గుర్తుందా? వేడికీ ఉక్కకీ ఏళ్ళ తరబడి లోపలి అమ్మోనియం నైట్రేట్ పాడై, గాలి నింపాల్సిన లోహపు డబ్బా పగిలి ముక్కలు మనుషుల్లోకి దూసుకెళ్ళాయి. కోట్ల కార్లు వెనక్కి పిలిచారు, 2017లో కంపెనీ దివాలా తీసింది. అది కార్లో భద్రంగా కూచున్న వస్తువు. ఫోను మే నెల బెజవాడ ఎండలో చొక్కా జేబులో తిరుగుతుంది, కిందపడుతుంది, మీద కూర్చుంటాం.

అలాగని పేలే సిలికాన్ మీద నాకు కోపం లేదు. ఎయిర్‌బ్యాగు విషయమే తీసుకోండి. స్టీరింగు మధ్యలో, గుండెకి మూరెడు దూరంలో మందుగుండు పెట్టుకుని రోజూ ఆఫీసుకి వెళ్తున్నాం, భయం లేదు. ఎందుకు? దాని మీట కార్లోనే ఉంది. గుద్దుకుంటేనే పేలుతుంది, ఇంకెవరి మాటా వినదు. పేలినా మనల్ని కాపాడటానికే. ఎయిర్‌బ్యాగు వెలిగించే చిన్న ముక్క కింద ఈ సిలికాన్ వాడొచ్చని ఆలోచనలున్నాయి, మంచిదే. బుల్లి ఉపగ్రహానికి తోపు ఇవ్వనీ, నీళ్ళ బొట్టులో లోహం చెప్పనీ, మిడతలా గెంతే రోబో శిథిలాల్లోకి దూరి మనిషి ఊపిరి వినపడుతుందేమో చూడనీ. ఇవన్నీ నాకిష్టమే.

నేను గీసుకున్న గీత ఒక్కటే. వెనక్కి తీసుకోలేని పని ఏదైనా సరే, దాని మీట ఆ వస్తువు పట్టుకున్న మనిషి దగ్గరే ఉండాలి, సర్వర్లో కాదు. దీనికి సిలికానే అక్కర్లేదు. మనం రోజూ రాసే కోడ్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. అకౌంట్ శాశ్వతంగా మూసెయ్యడం, పదేళ్ళ ఫోటోలు చెరిపెయ్యడం, డ్రైవర్ ఐడీ బ్లాక్ చెయ్యడం... ఇవన్నీ పొగ రాని పేలుళ్ళే. అవతల మా అన్నయ్యలాంటివాడు ఒకడు స్క్రీను చూస్తూ కూచుని ఉంటాడు.

రేపెప్పుడో మీ టీమ్‌కి ఇలాంటి రిక్వైర్‌మెంట్ వస్తుంది. "పర్మనెంట్ డిసేబుల్" అని ముద్దుగా పేరు పెట్టి, స్ప్రింట్‌లో మూడు పాయింట్లు వేసి ఇస్తారు. అప్పుడు మీటింగులో ఒక్క ప్రశ్న అడగండి చాలు: "ఇది తప్పు మనిషికి వెళ్తే, వెనక్కి ఎలా తిప్పుతాం?" జవాబు లేకపోతే ఆ టికెట్ మూసెయ్యక్కర్లేదు గానీ, మొదలు మాత్రం పెట్టకండి.